మూడు కాళ్ళ కుందేలు

తార్తు ఊళ్ళో, అచ్చుకూటంలో
సిరా కలపడం నా పని.
పందొమ్మిదేళ్ళు నాకు.
గోళ్ళ సందుల్లో ఎప్పుడూ ఏదో ఒక రంగు,
మధ్యాహ్నం తినే రొట్టెకీ అంటేది.

సాల్మే పిహ్లాక్ నెలకోసారి వచ్చేది,
బొమ్మల అట్టల్ని దుప్పట్లో చుట్టుకుని
పసిబిడ్డను ఆసుపత్రికి తెచ్చినట్టు.
బూట్ల మంచు దులుపుకోకుండానే
నా డబ్బా మూత తీసి వాసన చూసేది.
"ఈ పచ్చ అబద్ధమాడుతోంది" అనేది.
"నాచుకి కొంచెం దిగులుంటుంది."
నేనొక చుక్క నలుపు వేసేవాణ్ని.
"ఇది దిగులు కాదబ్బాయ్, జబ్బు."
మళ్ళీ ఇంకో డబ్బా.

పద్నాలుగేళ్ళప్పుడు రైలెక్కించి
తూర్పుకి పంపేశారట వాళ్ళని.
బొగ్గుముక్కతో భూర్జపత్రం మీద
గీయడం అక్కడే మొదలు.
అందుకేనేమో ఆమె అడవుల్లో
చెట్లన్నీ సగం ఒలిచినట్టుంటాయి.

ఆ చలికాలం తెచ్చిన పుస్తకంలో ఒక కుందేలు.
పేరు లేదు దానికి.
పేరుంటే పిల్లలు పిలుస్తూనే ఉంటారు,
ఇక అదెక్కడికీ పోలేదు, అంది.
మెడలో మఫ్లరు: నీలం, నలుపు, తెలుపు.

రెండో అంతస్తు నుంచి ఒకాయన దిగొచ్చాడు.
కళ్ళజోడు నుదుటికెక్కించి
ముందు కాళ్ళు లెక్కపెట్టాడు.
"మూడే ఉన్నాయి."
"నాలుగోది మంచు కింద ఉంది."
"కనపడాలి కదా?"
"మంచు కిందుంటే ఎలా కనపడుతుంది?"
పావుగంట.
నా సిరా మీద మీగడ కట్టింది.
కుందేలుకి కాళ్ళు మూడే మిగిలాయి.

అప్పుడు ఆయన వేలు మఫ్లరు మీదికి జారింది.
నోరు విప్పలేదు. వేలొక్కటే
మొదటి చార మీద, రెండో చార మీద,
మూడో దాని మీద ఆగింది.
ఆ మూడూ పక్కపక్కన చేరితే
ఎగరెయ్యకూడని జెండా అవుతుందని
మా ఊళ్ళో పాలు తాగే పిల్లాడికీ తెలుసు.

ఆమె సరేనంది.
కాలి కోసం అంత పోట్లాడిన మనిషి
రంగుల కోసం ఒక్క మాటా అనలేదు.

వారానికి కొత్త అట్ట వచ్చింది.
మఫ్లరు ఖాళీ. కింద చిన్న అక్షరాల్లో:
"ఇది ఏ రంగో మీ అమ్మమ్మనడగండి."
ఆయన సంతకం పెట్టాడు.
చదవలేదో, చదివే పెట్టాడో.
ఆయనకీ ఒక అమ్మమ్మ ఉండే ఉంటుంది.

తర్వాత గ్రంథాలయాల్లో ఆ పేజీ వెతుక్కునేవాణ్ని.
ఒకచోట నారింజ. ఒకచోట ఊదా.
ఒకచోట బీట్‌రూట్ రసం, వేలిముద్రలతో సహా.
వాల్గాలో ఒక ప్రతిలో మాత్రం
ఎవరో రంగులు వేసి, ఇంకెవరో రబ్బరుతో
చెరిపి చెరిపి కాగితానికి చిల్లు పెట్టారు.
ఆ చిల్లులోంచి అవతలి పేజీలో
నక్క కన్ను కనిపిస్తుంది.

ఇప్పుడా జెండా పోస్టాఫీసు మీద ఎగురుతోంది.
టీవీ వాళ్ళు వచ్చి ఆమె ధైర్యం గురించి అడిగారు.
"జెండా ఏమిటి నాయనా,
మా హిల్యా దగ్గర ఆ మూడు ఉన్ని ఉండలే మిగిలాయి."
వాళ్ళు నవ్వి కెమెరా కట్టేశారు.

నేను ఉండిపోయాను. పొయ్యి ఎగదోసి
ఆ కాలి సంగతి అడిగాను.
రెండు కళ్ళకీ పొర కమ్మింది అప్పటికి,
అయినా కిటికీ వైపే తిరిగింది.
"చెల్లెలికి ఆ చలికాలం పాదం తీసేశారు.
వసంతం దాకా ఉండింది."

తర్వాత చాలాసేపు కెటిల్ మాట్లాడింది.
"బయట నాచు వచ్చిందా?" అంది.
వచ్చిందన్నాను.
"ఏ పచ్చ?"
చెప్పడం మొదలుపెట్టాను.
"కాదు," అంది, "ఇంకొంచెం."